ఫోన్ ఆలోచిస్తోంది

"ఈ శాఖను నేను ఈ ఫోన్‌తోనే నడుపుతాను" అని టెలికాం మంత్రిగారు ప్రకటించిన మర్నాడు పత్రికలన్నీ మొదటి పేజీలో ఆ ఫోన్ ఫోటో వేశాయి. మంత్రిగారి ఫోటో కూడా వేశాయి, ఫోన్ పక్కన ఎంత చోటు మిగిలితే అంతలో.

అది పాత ఆండ్రాయిడ్ ఫోన్. ఆయన ఇంకా మంత్రి కాని రోజుల్లో కొన్నది. అద్దం మీద ఒక మూల నుంచి ఎదుటి మూల దాకా పగులు. వెనక మూత ఊడి రాకుండా రబ్బరు బ్యాండు. లోపల బ్యాటరీ ఉబ్బడం వల్ల బల్ల మీద పెడితే ఒకచోట కుదురుగా ఉండేది కాదు. మెల్లగా గుండ్రంగా తిరిగి, తలుపు వైపు ముఖం పెట్టి ఆగేది. వచ్చినవాళ్లను పలకరిస్తున్నట్టుండేది.

"సార్, కొత్తది కొనుక్కోవచ్చు కదా?" అన్నాడు ఒక విలేకరి.

"కొనొచ్చు. కానీ కొత్త ఫోన్ నన్ను ప్రజలకు దూరం చేస్తుంది."

"ఎలా సార్?"

"త్వరగా పనిచేస్తుంది."

అందరూ రాసుకున్నారు. పత్రికలో చదివిన నాకు ఆ మాట చాలాసేపు మనసులో తిరిగింది. అధికారంలో ఉండి నెమ్మదితనాన్ని ఇంత ధైర్యంగా ఒప్పుకున్న మనిషిని నేనంతకు ముందు చూడలేదు.

నాకు ఆయన అవసరం కూడా ఉంది. మా కాలనీ పాత క్వారీ గుంతలో ఉంది. చుట్టూ రాయి. సిగ్నల్ రాదు. ఎవరికైనా ఫోన్ చేయాలంటే నీళ్ల ట్యాంకు ఎక్కాలి. ఇంట్లో ఉండేది నేనూ, నన్ను పెంచిన మా పిన్నీ. పిన్నికి ఆయాసం. అది వచ్చినప్పుడు అంబులెన్సుకు చెప్పడానికి ఎవరో ఒకరు ట్యాంకు ఎక్కుతారు. ఒకసారి నేను ఊళ్లో కళ్లద్దాల దుకాణంలో పనిలో ఉండగా వచ్చింది. పక్కింటి దర్జీ ఎక్కేవాడే, కానీ ఆ ట్యాంకు మీంచే జారి అప్పటికే కాలికి కట్టుతో ఉన్నాడు. పిన్ని తనే వెళ్లింది. నేను ఇంటికొచ్చేసరికి నిచ్చెన సగంలో, ఎక్కలేకా దిగలేకా, ఇనుప కమ్మీని కావలించుకుని ఉంది. పెదవులు నీలంగా ఉన్నాయి.

"సగం దాకా వచ్చాను కదరా," అంది, "సగం సిగ్నల్ అయినా వచ్చిందేమో చూడు."

మాకు ఒక టవర్ కావాలి. అదే నా అర్జీ.

మంత్రిగారి సందర్శకుల హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు, గోడలకు ఫోన్ ఫోటోలు. ఆయన నా మాట ఆసాంతం విన్నారు. పిన్ని నిచ్చెన ఎక్కిన మాట దగ్గరికొచ్చేసరికి కళ్లు తుడుచుకున్నారు. ఫోన్ అందుకుని తెర మీద వేలు పెట్టారు. తెర వెలగలేదు. మళ్లీ పెట్టారు. వెలగలేదు.

పక్కనున్న పి.ఏ. నా చెవి దగ్గరికి వంగి, "ఫోన్ ఆలోచిస్తోంది" అన్నాడు.

మేమందరం ఆగాం. అందులో ఇబ్బందేమీ లేదు. ఎవరికోసమైనా ఒక గదిలో అందరూ కలిసి ఆగినప్పుడు ఒక ఆత్మీయత పుడుతుంది.

చివరికి ఫోన్ వెలిగింది. మంత్రిగారు నంబరు నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నారు. "చీఫ్ ఇంజనీరు గారా? క్వారీ కాలనీ అనేది ఒకటుంది. అక్కడ ఒక తల్లి నిచ్చెన మీద ఉంది... ఊఁ... ఊఁ... అవన్నీ నాకు చెప్పకండి. రేపే మొదలుపెట్టండి." మధ్యలో ఆయన వింటున్న తీరు నేనెన్నటికీ మరచిపోలేను. కనుబొమ్మలు ముడిచి, ఒకచోట తల పంకించి, ఒకచోట చిన్నగా నవ్వారు. అవతలి గొంతు నాకు వినబడకపోయినా ఆ మాటలన్నీ ఆయన ముఖం మీద చదువుకున్నాను.

ఇంటికెళ్లి పిన్నికి చెప్పాను.

"ఊరికే చెప్పాడా, ఫోన్‌లో చెప్పాడా?" అంది.

"ఫోన్‌లోనే, నా ఎదురుగా."

"అయితే వచ్చేస్తుందిలే. మనతో చెప్పింది మర్చిపోతాడు గానీ ఫోన్‌లో చెప్పింది ఎలా మర్చిపోతాడు?"

దర్జీ కూడా అదే అన్నాడు. టవర్ ఎక్కడ పెడితే బాగుంటుందో కట్టు కాలితోనే కుంటుకుంటూ తిరిగి చూసి, సున్నంతో ముగ్గు గీశాడు. వాన వచ్చి సున్నం కొట్టుకుపోయింది. టవర్ రాలేదు.

రెండోసారి వెళ్లేసరికి ఆ ఫోన్ చుట్టూ ఒక పాలన ఏర్పడి ఉంది. ఛార్జర్ పిన్ను వదులైపోయి, ఒకే ఒక కోణంలో పట్టుకుంటే తప్ప ఛార్జింగ్ ఎక్కడం లేదు. అందుకు ఒక ఉద్యోగిని వేశారు. ఆయన మంత్రిగారి కుర్చీ వెనక నిలబడి రెండు వేళ్లతో వైరు పట్టుకునేవాడు. అందరూ కోణం గారు అనేవాళ్లు. మంత్రిగారు కదిలితే ఆయనా కదిలేవాడు. ఆయన సెలవు పెట్టిన రోజు శాఖకూ సెలవే.

శాఖ కార్యదర్శి స్ఫూర్తి పొంది, తన కొత్త ఫోన్‌ను పేపర్‌వెయిట్‌తో పగలగొట్టుకున్నాడు. పగులు మంత్రిగారి పగులు కన్నా పెద్దదిగా వచ్చింది. వారం తిరక్కుండా బదిలీ అయ్యాడు.

"మా అర్జీ ఏమైందండీ?" అన్నాను పి.ఏ.తో.

"సార్ స్వయంగా ఫోటో తీసి ఫోన్‌లో దాచుకున్నారు. కానీ అందులో చోటు తక్కువ. కొత్త అర్జీ లోపలికి రావాలంటే పాతది ఒకటి బయటికి పోవాలి."

"మరి చోటంతా దేనితో నిండిందండీ?"

"ప్రారంభోత్సవాల ఫోటోలు. అవి చరిత్ర కదండీ, ముట్టుకోకూడదు. మీరు ఫిర్యాదుల యాప్‌లో పెట్టాల్సింది."

"పెట్టాను."

"మాకు రాలేదే. అవునులెండి, సార్ ఫోన్‌లో ఆ యాప్ ఎక్కదు. దానికి కొత్త ఆండ్రాయిడ్ కావాలట."

"అయితే ఫిర్యాదులు ఎలా తెలుస్తాయి?"

పి.ఏ. గర్వంగా గోడ వైపు చూపించాడు. ఒక్క ఫిర్యాదూ లేని శాఖగా వచ్చిన పురస్కారం అక్కడ వేలాడుతోంది.

ఆ రోజు కూడా మంత్రిగారు నా కోసం ఫోన్ చేశారు. మొదటిసారి కన్నా గట్టిగా మాట్లాడారు. మాట్లాడుతుండగా ఆయన కోటు లోపలి జేబు సన్నగా వణికింది. ఇంకోసారి వణికింది. అంత ఆవేశంలో గుండె అలా వణకడం సహజమే అనుకున్నాను.

మా కళ్లద్దాల దుకాణానికి వచ్చేవాళ్లలో కొందరు, చూపు పరీక్షకు గోడ మీద పెట్టిన అక్షరాలు కనబడకపోయినా చదివేస్తారు. ముందు కూర్చున్నవాళ్లు చదివింది విని గుర్తు పెట్టుకుంటారు. నన్ను మోసం చేయడానికి కాదు. కనబడటం లేదని తమ నోటితో తాము అనడం వాళ్లకు ఇష్టం ఉండదు. నేను కూడా వాళ్లను ఆపను. ఎవరి చూపు వాళ్ల సొంతం.

మూడోసారి ఆలస్యం చేయడానికి వీల్లేకపోయింది. కొత్త టవర్ల కేటాయింపు ఆ వారంతో ముగుస్తుంది. ఈసారి పోతే మళ్లీ ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. పిన్నికి ఆయాసం తరచుగా వస్తోంది. డాక్టరు, "ఇంకోసారి ఇలా వస్తే అంబులెన్సు వెంటనే రావాలి" అన్నాడు. వెంటనే అనే మాట మా కాలనీలో ఎవరూ వాడరు.

ఆ రోజు హాలు కిక్కిరిసి ఉంది. మంత్రిగారి కుడివైపు అధికారులు వరసగా కూర్చున్నారు. మూడో కుర్చీలో చీఫ్ ఇంజనీరు. నాకు ప్రాణం లేచి వచ్చింది. మనిషే ఎదురుగా ఉన్నాడు, ఇక పని అయినట్టే.

సభ మొదలుపెడుతూ మంత్రిగారు ఫోన్‌ను గుప్పిట్లో బిగించి పైకెత్తి, "ఇది నా ఆయుధం!" అన్నారు. అలా చాలాసేపు పట్టుకున్నారు. పక్కనున్న శబ్దం బటన్లు రెండూ నొక్కుకుపోయినట్టున్నాయి. ఉన్నట్టుండి ఒక ఆడగొంతు, ఏ ఉద్వేగమూ లేకుండా, "టాక్‌బ్యాక్ ఆన్ అయింది" అంది.

"ఎవరది?" అన్నారు మంత్రిగారు.

"ఫోనే సార్. మాట్లాడుతోంది" అన్నాడు పి.ఏ.

"ఫోన్ మాట్లాడక ఏం చేస్తుందయ్యా?"

"మనం మాట్లాడితే అది మాట్లాడాలి సార్. ఇది దానంతటది మాట్లాడుతోంది. చూపు లేనివాళ్ల కోసం పెట్టిన సదుపాయం సార్. మనం దేన్ని తాకితే దాన్ని పైకి చదువుతుంది."

"మరి ఆపు."

"ఎలా ఆపాలో అందులోనే ఎక్కడో ఉంటుంది సార్. వెతకాలంటే తాకాలి."

మంత్రిగారు తాకారు. "పండ్ల ఆట," అంది ఫోన్. "మీ ప్రాణాలు అయిపోయాయి. స్నేహితులను అడగండి." ఇంకోచోట తాకారు. "బ్యాటరీ పదకొండు శాతం." కోణం గారు సిగ్గుపడి వైరు సరిచేశాడు.

"ఉండనీ," అన్నారు మంత్రిగారు. "చూపు లేనివాళ్లకు కూడా అందుబాటులో ఉన్న మంత్రి అని రాసుకోండి." విలేకరులు రాసుకున్నారు. హాలు చప్పట్లు కొట్టింది.

నా వంతు వచ్చింది. చెప్పాను. ఆయనకు పిన్ని గుర్తుంది. నిచ్చెన కూడా గుర్తుంది. "ఇంకా కాలేదా?" అని కోపంతో ఫోన్ అందుకున్నారు. కుడివైపు చూడలేదు. ఒక్కో అంకె నొక్కుతుంటే ఫోన్ ఒక్కో అంకె పైకి చదివింది. చివర్లో పచ్చ బటన్ నొక్కారు.

"మొబైల్ నెట్‌వర్క్ అందుబాటులో లేదు," అంది ఫోన్. "సిమ్ కార్డ్ లేదు."

మంత్రిగారు ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నారు.

"హలో. చీఫ్ ఇంజనీరు గారా?"

మూడో కుర్చీలో చీఫ్ ఇంజనీరు చెయ్యి మెల్లగా జేబులోకి వెళ్లింది. తన ఫోన్ బయటికి తీశాడు. దాని తెర నల్లగా ఉంది. చెవి దగ్గర పెట్టుకుని, "నమస్కారం సార్. చెప్పండి సార్" అన్నాడు.

"ఎక్కడున్నారు?"

"దారిలో ఉన్నాను సార్."

"ఆ క్వారీ కాలనీ టవర్ ఎంతవరకు వచ్చింది?"

"సగం అయింది సార్."

"కాస్త గట్టిగా చెప్పండి, లైన్ సరిగ్గా లేదు."

"సగం అయింది సార్!"

"మిగతా సగం?"

"ఇప్పుడే, మీరు చేశాక, అయిపోయింది సార్."

"అలా ఉండాలి" అని మంత్రిగారు ఫోన్ దించారు. చీఫ్ ఇంజనీరు తన ఫోన్ జేబులో పెట్టుకుని, ఇప్పుడే లోపలికి వచ్చినవాడిలా రుమాలుతో నుదురు తుడుచుకున్నాడు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. నా వెనక నిలబడ్డ ముసలావిడ నన్ను మోచేత్తో పొడిచి, "నీ పని అయిందిగా, జరుగు నాయనా, నాకూ ఒక ఫోన్ కొట్టించుకోవాలి" అంది.

నేను జరగలేదు. నోరు తెరిచాను. ఏదో అనబోయాను. అది ఏమిటో నాకు బాగా తెలుసు. హాలంతా నా ముఖం వైపే చూస్తోంది. ఇందరి నమ్మకానికి ఎదురుగా ఒక్కడే నిలబడితే మనిషికి తను అబద్ధం చెబుతున్నట్టే అనిపిస్తుంది.

మంత్రిగారు నన్ను చూసి మెత్తగా నవ్వారు. "ఆనందంతో మాట రావడం లేదు, పాపం. రావయ్యా. ఈ మంచి వార్త మీ పిన్నిగారికి నువ్వే చెప్పు. ఈ ఫోన్‌తోనే చెప్పు."

ఫోన్ నా చేతికి వచ్చింది. వెచ్చగా ఉంది. కోణం గారు వైరుతో సహా నా వెనక్కి వచ్చి నిలబడ్డాడు. కెమెరాలు ఎత్తారు. నేను మా ఇంటి నంబరు నొక్కాను. ఒక్కో అంకె పైకి వినబడింది. తర్వాత ఆ ఆడగొంతు తన మాట తను చెప్పింది. నేను ఫోన్ చెవికి ఆనించుకున్నాను. లోపల ఏమీ లేదు.

"పిన్నీ, నేనే" అన్నాను. "టవర్ వచ్చేసింది."

పిన్నికి ఒక మాట అనడానికి కొంచెం సమయం పడుతుంది. ఊపిరి కూడదీసుకోవాలి. అంతసేపూ ఆగాను. హాలంతా నాతోపాటు ఆగింది.

"కాదు, నిజంగానే. ఇక నువ్వు ట్యాంకు దగ్గరికి వెళ్లక్కర్లేదు."

"ఏమంటున్నారు?" అన్నారు మంత్రిగారు ఆత్రంగా.

"చాలా సంతోషంగా ఉందట సార్" అన్నాను. "ఆయాసం కూడా తగ్గిందట."