పాడినవాళ్లే పెట్టాలి

ఒక పెద్ద అడవిలో (పెద్దదని పాత పటాల్లో ఉంది, నేనేమీ కొలవలేదు) ఒక మండలి ఉండేది. దానికి అధ్యక్షుడు సింహం. వేటాడే వయసు దాటిపోయింది కాబట్టి పరిపాలిస్తోంది. కార్యదర్శి ఉడుము. దాని పట్టు సంగతి మీకు తెలిసిందే. ఎన్ని మండళ్లు మారినా ఆ కుర్చీని మాత్రం వదల్లేదు.

ఒకరోజు సింహం పొరుగడవికి చుట్టపుచూపుగా వెళ్లొచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ మొహం మాడ్చుకుని కూర్చుంది.

"ఆ పులి డిజిటల్ వారసత్వ కేంద్రం పెట్టిందయ్యా! బటన్ నొక్కితే పాటలు, బొమ్మలు, కథలు. నా గర్జన తప్ప ఈ అడవికి వారసత్వమే లేదా?"

"లేకేం ప్రభూ, ఎలుగుబంట్లకుంది," అంది ఉడుము. "కొండ మీద ఏదో పాట పాడతారు. మనమెప్పుడూ వినలేదు గానీ చాలా పురాతనమైందట."

"అయితే దాన్ని వెంటనే కాపాడండి."

"ఎవర్నుంచి ప్రభూ?"

సింహం గడ్డం గోక్కుంది. "అది తర్వాత చూద్దాం. ముందు కాపాడండి."

ఇంత పనికి నిపుణులు కావాలి కదా, కొంగను పిలిచారు. చలికాలంలో వచ్చి, ఎండలు ముదరగానే ఎగిరిపోయే కొంగ అది. నాలుగు దేశాల నీళ్లు తాగింది కాబట్టి దానికి తెలియని విద్య లేదని మండలి నమ్మకం. ఆ నమ్మకాన్ని కొంగ ఎన్నడూ కాదనలేదు.

ఉడుమూ కొంగా యంత్రం పట్టుకుని కొండెక్కాయి. ఎలుగుల పెద్దదిక్కు జోగమ్మ గుహ ముందు కూర్చుని కాళ్లు ఒత్తుకుంటోంది.

"అవ్వా, ఆ పాటేదో ఒకసారి పాడు," అంది ఉడుము.

"ఇప్పుడెలా పాడతాను బాబూ? ఇంకా పువ్వు రాలలేదు గదా!"

విషయమేమిటంటే, ఇప్పపువ్వు రాలడం మొదలయ్యాక పెద్దదిక్కు పాట ఎత్తుకోవాలి. ఆ పాట వినబడేదాకా, పేగులు మాడిపోతున్నా సరే, ఏ ఎలుగూ ఒక్క పువ్వు నోట పెట్టదు. వానలు పడేదాకా వాళ్లకి ఆ పువ్వే కూడు.

"ఊరికే యంత్రం కోసం అవ్వా. నీ తర్వాత ఈ పాట పోకూడదు కదా," అంది కొంగ.

ఆ మాట జోగమ్మకి గుచ్చుకుంది. నిరుడు వాళ్లక్క పోయింది. అక్కతోపాటు, ఇంకెవరికీ రాని వానపాట కూడా పోయింది. ఆ దిగులు ముసలమ్మని ఇంకా తినేస్తూనే ఉంది.

"సరే, గుహలోపల మెల్లగా పాడతాను. బయటికి వినబడిందంటే పిలిచినట్టే. పిలిచి పెట్టకపోతే పరువు పోతుంది," అని లోపలికి నడిచింది.

గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. "ముందు ఇది చెప్పాలి. ఈ పాట పాడినవాళ్లే పెట్టాలి. తొలిరోజు నేను ఏరి అందరికీ పెడతాను, మర్నాటినుంచి ఎవరికి వాళ్లు ఏరుకుంటారు. ఎన్నిసార్లు పాడితే అన్నిసార్లూ పెట్టాలి. ఇంట్లో ఉన్నది దాచకుండా, వచ్చినవాళ్లు చాలనేదాకా..."

"అవ్వా, అవ్వా! కబుర్లొద్దు, పాట చాలు," అంది కొంగ. "ఫైలు బరువైపోతుంది."

ఆ ముందుమాటలు కత్తిరించేసింది. పాట మధ్యలో జోగమ్మ దగ్గితే ఆ దగ్గునూ కత్తిరించింది. మిగిలినదాన్ని విని, "అద్భుతం! ఎంత స్వచ్ఛంగా ఉందో!" అని కళ్లు మూసుకుంది.

ఉడుము మెరిసే పలక ఒకటి ముందుకు జరిపింది. "ఇక్కడ పంజా పెట్టు అవ్వా. పాటను జాగ్రత్త చేయడానికి."

జాగ్రత్త చేస్తామంటే ఎవరు కాదంటారు? పెట్టింది.

మామిడి పిందెలు దిగే వేళకి కొండ మీద ఇప్పపువ్వు రాలడం మొదలైంది. జోగమ్మ తెల్లవారగట్ల రాయెక్కి నోరు తెరిచిందో లేదో, ఉడుము పరిగెత్తుకొచ్చింది.

"ఆపండి! ఆ పాట ఇప్పుడు మండలి సొత్తు. పాడాలంటే ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోవాలి."

"నా నోట్లో పాటకి నీ సెలవేంట్రా!"

"నా చేతుల్లో ఏముందవ్వా? సిస్టమ్ అలా ఉంది. అనుమతి లేకుండా పాడినవాళ్లని అడవి దాటించమని ఉత్తర్వు."

అడవి దాటితే ఊళ్లు. ఊళ్లలో ఎలుగుబంటికి ఏ మర్యాద జరుగుతుందో జోగమ్మకి తెలుసు. నోరు మూసుకుని రాయి దిగింది. కొండకొమ్ముకెళ్తే తప్ప సిగ్నల్ లేదు. పాపం, ఆ వయసులో ఉడుము ఇచ్చిన పలక పట్టుకుని కొమ్ము దాకా ఎక్కింది. పలక, మొహం చూపించమంది. చూపించింది. "మీ మొహంపై వెంట్రుకలు ఎక్కువగా ఉన్నాయి. తొలగించి మళ్లీ ప్రయత్నించండి" అని జవాబొచ్చింది.

ఎలుగుబంటికి! ఆ పరీక్ష తయారుచేసిన మహానుభావుడు అద్దంలో కొంగ మొహం తప్ప ఇంకో మొహం చూడలేదు మరి.

రోజులు గడుస్తున్నాయి. జింకలు వచ్చి పువ్వు తిని పోతున్నాయి, మిగిలింది మురిగిపోతోంది. ఎలుగుపిల్లలు చెట్ల కింద కూర్చుని వాసన చూస్తున్నాయే తప్ప ఒక్క పువ్వు ముట్టుకోలేదు. చూస్తే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది. ఎవరికైనా అంటే, మండలికి తప్ప.

జోగమ్మ కొండ దిగి ఉడుము దగ్గరికే వెళ్లింది. "పోనీ, మమ్మల్ని పాడనివ్వరు. మరి పాడేదెవరు?"

"మండలి. పాడే హక్కు మాదే, ఆ పాటకు సంబంధించిన సమస్తమూ మాదే."

"సమస్తమూనా?"

"సమస్తమూ!"

"అయితే తొందరగా పాడండి బాబూ. పిల్లలు మాడిపోతున్నారు," అని వచ్చేసింది.

మండలి కట్టించిన వారసత్వ కేంద్రం ప్రారంభోత్సవం రానే వచ్చింది. పొరుగడవి పులి ముఖ్య అతిథి. విందు కోసం సింహం తన కొట్టులోంచి తేనెపట్లు, పనసపళ్లు, చేపలు తీయించింది. ఇన్ని చూసి పులి కుళ్లుకోవాలని దాని ఆశ. పొడుగాటి చెట్లన్నిటికీ మైకులు కట్టారు. రోజూ తెల్లవారగానే పాట దానంతటదే మోగేలా కొంగ ఏర్పాటు చేసింది. దానికో పాస్‌వర్డ్ కూడా పెట్టింది.

సింహం బటన్ నొక్కింది. జోగమ్మ గొంతు, దగ్గు లేకుండా, అడవంతా మారుమోగింది.

ముందు ఒక ఎలుగు వచ్చింది. ఆ వెనక నాలుగు. ఆపైన కొండంతా నల్లగా కదిలి కిందికి దిగింది. పిల్లా జెల్లా, ముసలీ ముతకా, అందరి చేతుల్లోనూ అడ్డాకు విస్తర్లు. వచ్చి మైదానంలో బారులు తీరి కూర్చున్నాయి.

"చూశావా ఎంత జనమో!" అంది సింహం పులితో, జూలు ఎగరేస్తూ.

జోగమ్మ లేచి నిలబడింది. "ఈ పాట ఎవరిది దొరా?"

"మాదే!" అంది సింహం.

"పిలిచింది మీరేనా?"

"మేమే! సందేహమెందుకు?"

"మంచిది. వడ్డించండి."

సింహం ఉడుము వైపు చూసింది. ఉడుము కొంగ వైపు చూసింది.

"అదీ... అవ్వ ముందేదో చెప్పింది. నేను కత్తిరించాను," అని గొణిగింది కొంగ.

"పాడినవాళ్లే పెట్టాలి. మేము చాలనేదాకా పెట్టాలి. సమస్తమూ మీదే అన్నారుగా బాబూ, పాటతోపాటు ఇదీ మీదే," అంది జోగమ్మ.

పులి చూస్తోంది. పులి ముందు లేదనడమా? సింహం పళ్లు కొరికి, "పెట్టండి," అంది. తేనె అయిపోయింది. పనసపళ్లు అయిపోయాయి. చేపలూ అయిపోయాయి. పులి ఖాళీ విస్తరి ముందు కూర్చుని, "మా కేంద్రంలో ఈ సౌకర్యం లేదండీ," అంది.

ఆ సాయంత్రమే ఎండలు ముదిరాయంటూ కొంగ విదేశానికి ఎగిరిపోయింది. పాస్‌వర్డ్ కూడా దానితోపాటే వెళ్లింది. మైకులు పీకుదామంటే సింహానికి చెట్టెక్కడం రాదు, ఉడుముకి పట్టుకోవడమే తప్ప పీకడం రాదు.

తెల్లవారింది. పాట మోగింది. ఎలుగులు వచ్చాయి. పిలిచాక వెళ్లకపోతే మర్యాద కాదు గదా! మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. లేదంటే ఆ మాట పులి చెవిన పడుతుందని సింహం పెట్టిస్తూనే ఉంది. సింహం కొట్టు ఊడ్చుకుపోయింది. చివరికి అధ్యక్షులవారు చెట్టు కింద చీమల్ని నాకుతూ కనిపించారు.

సింహం తనే కొండెక్కింది. "అవ్వా, నీ పాట నువ్వు తీసుకో."

"మాకెందుకు దొరా? సమస్తమూ మీదే గదా," అంది జోగమ్మ, నవ్వాపుకుంటూ.

"తల్లీ, నీకు దణ్ణం పెడతాను! పాట నీది, హక్కు నీది, ఆ యంత్రం కూడా నీదే!"

"నా నోటికి ఇంకెవరి సెలవూ అక్కర్లేదు గదా?"

"అక్కర్లేదు!"

జోగమ్మ దిగొచ్చి చెట్లెక్కి, తేనెపట్టు పీకినట్టు మైకులన్నీ పీకి కింద పడేసింది. యంత్రాన్ని మాత్రం గుహకి తీసుకెళ్లింది. అక్క పాటలాగా ఇదీ పోకూడదని, ముందుమాటలతో సహా అందులో మళ్లీ పాడి దాచింది.

మర్నాడు తెల్లవారగట్ల రాయెక్కి తన గొంతుతో పాట ఎత్తుకుంది. మధ్యలో దగ్గింది. చెట్ల కింద ఇంకా మిగిలిన పువ్వు ఏరి, ముందు పిల్లలకి పెట్టింది.

ఉడుము సంగతి అడగరేం? కుర్చీలోనే ఉంది. నెమళ్ల నాట్యాన్ని కాపాడే పనిలో ఉందట.

నీతి: పరాయివాళ్ల సంస్కృతిని సొంతం చేసుకునేటప్పుడు పాట ఒక్కటే పట్టుకుపోండి, హక్కు కూడా రాయించుకున్నారో, అన్నం పెట్టాల్సొస్తుంది.