ధర్మవరం నుంచి వచ్చిన రోలు

ఆదివారం ఉదయం ఆరింటికే లేచి గిరిధర్ వంటింటి గోడకు ఒక కాగితం అంటించాడు. తొమ్మిదింటికి చేప ఆవిరి మీద ఉడకాలి. పదింటికి క్యారెట్టు, కీరకాయ పుల్లల్లా తరగాలి. పదకొండున్నరకు రోల్స్ చుట్టాలి. పన్నెండున్నరకు మిన్ సారు వస్తారు.

ఎర్రమంచి దగ్గర కార్ల విడిభాగాలు చేసే ఒక చిన్న కంపెనీలో గిరిధర్ ట్రైనీ ఇంజనీరు. ధర్మవరంలో మగ్గం నేసే ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాడు. ట్రైనింగు ఈ నెలతో అయిపోతుంది. ఉంచాలో పంపాలో సోమవారం రాసేది వియత్నాం నుంచి వచ్చిన మేనేజరు మిన్. ఆయన ఒకరోజు క్యాంటీన్లో సాంబారు గిన్నె వైపు చూస్తూ, మా అమ్మ చేసే రోల్స్ గుర్తొస్తున్నాయి అన్నాడు. చెప్పిన పని చేయడం తప్ప వేరే విద్య తెలియని గిరిధర్ ఆ మాట రాసిపెట్టుకున్నాడు. బియ్యప్పిండి రేకుల ప్యాకెట్టు బెంగళూరు నుంచి తెప్పించాడు. అప్పడం కన్నా పలుచగా, గుండ్రంగా, అవతలి మనిషి కనబడేలా ఇరవై నాలుగు రేకులు. ఒక్కొక్కటీ నీళ్లలో ముంచి తీసి, లోపల చేప, కూరగాయలు పెట్టి చాపలా చుట్టాలి. చేపను హిందూపురం మార్కెట్ నుంచి బావమరిది ఫణి పొద్దున్నే తెచ్చి ఇచ్చి వెళ్లాడు.

పదకొండున్నర దాకా అంతా కాగితం ప్రకారమే నడిచింది. భార్య సుమలత వెడల్పాటి పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు పోసింది. గిరిధర్ రేకుల కట్ట చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడే వీధిలో ఆటో హారన్, ఆ వెంటనే తండ్రి గొంతు వినిపించాయి.

"రేయ్ గిరీ! కిందికి రా! ఒగరితో అయ్యే పని కాదు!"

కంగారులో కట్టను గట్టు మీద పెట్టాననుకుని పళ్లెంలో పెట్టేసి కిందికి పరిగెత్తాడు. వెనకే సుమలత.

ఆటోలో ఒక పక్క తండ్రి నరసింహులు, ఇంకో పక్క తల్లి ఈశ్వరి, ఇద్దరి కాళ్ల మధ్య గోనెసంచి కప్పుకుని నల్లరాతి రోలు.

"ఇదేంది నాయనా?"

"ఏందంటావేందప్పా? నువ్వే కదా ఫోన్లో చెప్పింది, సారొస్తాండాడు, రోలు చేయల్లని!"

"రోల్స్ అంటి నాయనా. తినే రోల్స్!"

"మగ్గం సద్దులో నాకేం తెలుస్తాది? ఒగ దినంలో వీనికి రోలు ఎవరు కొట్టిస్తారు, మనింట్లోదే ఇద్దామని మీయమ్మ అనె."

"పెద్దసారు అడిగినంక లేదంటే బాగుంటాదా?" అంది ఈశ్వరి. "మీ అవ్వ కాపురానికొచ్చిన నాటిది. ఎంత నున్నగుండాదో చూడు."

వాళ్లుండేది మేడ మీద. పద్దెనిమిది మెట్లు. ఆటో డ్రైవరు కుళ్లాయప్ప కూడా ఒక చెయ్యి వేశాడు.

"ఏమప్పా, ఇంజనీరువంట కదా. దీనికేం ఉపాయం చదువుకోలేదా?"

ఆరో మెట్టు దగ్గర గిరిధర్ నడుములో ఏదో పటుక్కుమంది. కాసేపు దించుదామన్నాడు. దించితే మళ్లా ఎత్తల్ల అని తండ్రి దించనివ్వలేదు. రోలు వంటింట్లోకి చేరేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. అప్పటికి పళ్లెంలో ఇరవై నాలుగు రేకులూ ఒకే ముద్దయి కూర్చున్నాయి.

ఈశ్వరి వేలితో తీసి, రెండు వేళ్ల మధ్య సాగదీసి చూసింది.

"గంజి బాగా కుదిరిండాది. ఏ చీరకు పెడతాండావు సుమా?"

గిరిధర్ రోలుకు ఆనుకుని నేల మీద కూలబడ్డాడు. "అది గంజి కాదుమా. నా ఉద్యోగం."

ఈశ్వరి కొంగు బిగించి, మూత తీసి చేపను చూసింది.

"ఉప్పూ కారం లేకుండా ఇట్ల ఉడకబెట్టినారే, ఇంట్లో ఎవరికన్నా జరమా?"

వద్దనడానికి కూడా నడుములో బలం ఉండాలి. గిరిధర్‌కు లేదు. అరగంటలో చేప ఎర్రటి పులుసులో మునిగింది. పుల్లల్లా తరిగిన క్యారెట్టు, కీరకాయ, వేయించిన వేరుశనగ గింజలు, ఎండుమిరపకాయలతో కలిసి రోట్లో పచ్చడయ్యాయి. సుమలత సంగటి కెలికింది. గోడ మీది కాగితాన్ని గిరిధర్ తనే చింపేశాడు.

మిన్ సరిగ్గా పన్నెండున్నరకు వచ్చాడు. గిరిధర్ నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడి, మనసులో కూడబలుక్కున్న ఇంగ్లీషు మొదలుపెట్టాడు. "సార్, రోల్స్..."

ఆ మాటతో మిన్ ముఖం వాడిపోయింది.

నరసింహులుకు మాత్రం తెలిసిన మాట ఒకటి వినబడింది. "ఇదో సార్, ఈడుండాది" అని రోలు చూపించాడు.

మిన్ రోలును చూశాడు. పొయ్యి వైపు చూశాడు. "తినే రోల్స్ లేవా?"

"లేవు సార్. పాడైపోయాయి. క్షమించండి."

మిన్ పెద్దగా ఊపిరి వదిలి, చాప మీద కూర్చుని, చొక్కా చేతులు పైకి మడిచాడు. "ఈ నెలలో నలుగురు ట్రైనీలు భోజనానికి పిలిచారు. నాలుగిళ్లలోనూ రోల్సే. మా అమ్మ చేసినవి గుర్తొచ్చాయన్నాను. మిమ్మల్ని చేయమన్నానా?"

మొదటి ముద్దకే ఆయన కళ్ల వెంట నీళ్లు ధారగా కారాయి. రెండో ముద్దకు ముక్కు కూడా. అయినా చెయ్యి ఆగలేదు. "శానా... బాగుండాది" అన్నాడు, వర్క్‌షాపులో నేర్చుకున్న తెలుగులో.

"పాపం, వాళ్లమ్మ గుర్తొచ్చినట్లుండాది" అని ఈశ్వరి ఇంకో గరిటె పులుసు పోసింది.

సోమవారం మధ్యాహ్నం గిరిధర్ చేతికి ఉత్తర్వు అందింది. కూర్చోలేక నిలబడే చదువుకున్నాడు. మిగిలిన నలుగురు ట్రైనీలూ చుట్టూ మూగి, "రోలు యాడ దొరుకుతాదిబ్బా?" అని గుసగుసగా అడిగారు. ఇంట్లోది కావాలంటే ఈ సాయంత్రమే తీసుకుపొమ్మన్నాడు గిరిధర్. పద్దెనిమిది మెట్లనగానే నలుగురూ ఎవరి సీటుకు వాళ్లు వెళ్లిపోయారు.

ఉద్యోగం పర్మనెంటయింది. నడుము నొప్పి కూడా.