నీలం మూత డబ్బా

ఆ పొద్దున ఆమె అనుకున్నది చాలా చిన్న పని. ఫ్రీజర్‌లోంచి డబ్బా తీసుకుని ల్యాబ్‌కు వెళ్లడం. తిండితోపాటు ఒంట్లో చేరి ఏళ్ల తరబడి పోకుండా తిష్ఠ వేసే రసాయనాలను పట్టుకోవడం ఆ ల్యాబ్ పని. అందుకు ఉద్యోగులే వారానికొకరు ఇంటి వంట తేవాలి. ఈ వారం ఆమె వంతు.

నీలం మూత డబ్బాలు రెండున్నాయి. ఒకదాంట్లో నిన్న ఆమె వండిన చేపల కూర. రెండోదాంట్లో అమ్మ పోయేముందు వండిన చేపల కూర. "దాని జోలికెళ్లకు తల్లీ" అన్నాడు నాన్న. గీతలుపడ్డ నాన్‌స్టిక్ పెనంతో సహా ఇంట్లో పాత సామానంతా ఏరి పారేసిన ఆమె కూడా దాన్ని ముట్టుకోలేదు. దిగులు పుట్టినప్పుడల్లా ఫ్రీజర్ తెరిచి చూసుకునేది, అంతే.

ల్యాబ్‌లో నమూనాలు రుబ్బే పెద్దాయన్ని అందరూ మిక్సీ బాబాయి అంటారు. ఆమె హడావిడిలో తెచ్చిన కూరను రుబ్బి ఆయన మిక్సీ ఆపాక, ఆమె కళ్లు బల్లమీది మూతపై పడ్డాయి. అంచు విరిగి ఉంది. అమ్మ డబ్బా!

"బాబాయ్, అది మా అమ్మ పోయేముందు వండింది!" అని భోరుమంది.

"అయ్యో! ఈ కూర తినే పోయిందా?" అంటూ బాబాయి ఉలిక్కిపడి ప్రమాద గంట మోగించాడు. ఆమె ఏడుపులో జవాబు ఎవరికీ వినపడలేదు. పెద్దసారు అందరినీ రోడ్డుమీదికి తరిమి, ఆమె ఇంటికి ఫోన్ కొట్టాడు. "ఇంట్లో ఏమీ ముట్టుకోకండి. మీ ఆవిడ ప్రాణం తీసిన కూర దొరికింది!"

నాన్న ఆటో దిగేసరికి ఒక కాలికి చెప్పు, ఇంకో కాలికి బూటు.

"ఆవిడ కూర ఎవర్నీ చంపలేదు సార్. అయినా ఇది ఆవిడది కాదు, నేను వండింది."

"నువ్వా?" అంది కూతురు.

"అమ్మ వండింది ఎప్పుడో తినేశాను తల్లీ. ఉండబట్టలేకపోయాను. ఖాళీ డబ్బా చూస్తే నువ్వు తట్టుకోలేవని నేనే వండి నింపాను. చెత్తలోంచి అమ్మ పెనం తెచ్చి, నువ్వు ల్యాబ్‌కెళ్లాక అందులోనే వండుతున్నా. ఎన్నిసార్లు చేసినా ఆ రుచి రావట్లేదు."

ఆమెకు కోపం రాలేదు. అమ్మ రెండోసారి పోయినట్టు అనిపించి, నడిరోడ్డుమీద నాన్నను పట్టుకుని ఏడ్చింది. బాబాయి కూడా ముక్కు చీదాడు.

ఎలాగూ రుబ్బేశారు గనక పరీక్ష చేశారు. రసాయనం హద్దు దాటింది. గీతలుపడ్డ పెనం పూతదే తప్పని అందరికంటే ముందు ఆమెకే తెలిసింది.

ఆ రాత్రి పొయ్యి మీద అదే పెనం. "ఇంకాస్త ఉల్లిపాయ వేయించు నాన్నా, అమ్మ అలాగే చేసేది" అంది పక్కన నిలబడి.

మళ్లీ తన వంతు వచ్చినప్పుడు ఆమె ల్యాబ్‌కు ఇంటి కూర బదులు బజారు రొట్టె పట్టుకెళ్లింది.