మా సరస్సులో గ్యాసు ప్రారంభోత్సవం

హారా అలాస్ గ్రామానికి ఎట్టకేలకు గ్యాసు వచ్చిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. గొట్టం లేదు, మీటరు లేదు, అధికారుల చుట్టూ తిరిగే పని అసలే లేదు. నేలే ఇచ్చింది. ఉత్తరాన చలిసీమ యాకూతియాలో మా ముత్తాతల కంటే ముందు నుంచీ రాయిలా గడ్డకట్టి ఉన్న నేల ఇప్పుడు దయతలచి కరుగుతోంది. అందులో ఎన్నడో కప్పబడిపోయిన గడ్డీగాదం తీరిగ్గా కుళ్ళుతోంది. దాన్నుంచి పుట్టే గాలి సరస్సు అడుగు నుంచి బుడగలుగా లేచి, పైనున్న మంచు కింద పోగవుతోంది. గునపంతో ఒక్క పోటు పొడిచి అగ్గిపుల్ల చూపిస్తే భగ్గుమంటుంది.

ఈ గాలి పైకి పోతే లోకం ఇంకా వేడెక్కుతుందనీ, ఆ వేడికి నేల ఇంకా కరిగి ఇంకా గాలి వదులుతుందనీ పట్నం నుంచి వచ్చిన శాస్త్రవేత్త ఒకావిడ బెంగపడింది. మా గ్రామాధ్యక్షులు గవ్రీల్ ప్రోకోపియెవిచ్ గారు పొంగిపోయారు.

"అంటే సరఫరా ఎన్నటికీ ఆగదన్నమాట!"

అభివృద్ధి అన్నాక చిన్నాచితకా ఇబ్బందులు తప్పవు. బడి ఒక పక్కకు ఒరిగింది. పిల్లల బంతి ఎప్పుడూ ఒకే మూలకు దొర్లుతుంది కనుక వెతుక్కునే శ్రమ తగ్గింది. మాప్పా అవ్వ ఒక్కతే సర్దుకోలేకపోయింది. వేసవికని గడ్డకట్టిన నేలలో తవ్విన మాళిగలో గుర్రం మాంసం దాచుకుంది. పోయిన ఏడు కరిగిన గోడలు ఈ చలికాలంలో కూడా బిగుసుకోలేదు. మే నెల వచ్చేసరికి లోపల నీళ్లు, వాసన.

"గవ్రీలూ, మాంసమంతా పోయిందిరా. మళ్ళీ చలికాలంలో గుర్రాన్ని కోసేదాకా నేనేం తినను?"

"తలుపు సరిగ్గా వేసి ఉండవు అవ్వా! ఊరంతా పండగ చేసుకుంటుంటే నీ మాంసం గొడవేంటి? రేపు పొయ్యి దేవుడికి తొలిముద్ద నువ్వే పెట్టాలి. మంచి ముక్క పట్రా."

మాలో ఆచారం అది. ఏ మంటకైనా ఊళ్లో పెద్దవయసు వాళ్లు తమ దగ్గరున్న తిండిలో మేలైనది ముందుగా పెట్టాలి. మంట చిటపటలాడితే దీవించినట్టు.

మర్నాడు జిల్లా పెద్దలు సరస్సు మీద ఇంకా కరగని మంచు మీద కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. "మన నేల ఉదారమైనది! అడక్కుండానే ఇస్తుంది!" అని అధ్యక్షులవారు ప్రసంగించి, గునపం దించి, అగ్గిపుల్ల గీశారు. మంట నిలువెత్తున లేచి ఆయన కనుబొమలు స్వీకరించింది. చప్పట్లు మోగాయి.

మాప్పా అవ్వ ముందుకొచ్చింది. గుడ్డ విప్పి ముక్క మంటలో వేసింది. మంట చిటపటలాడింది. ఆ వెంటనే వచ్చిన కంపుకి పెద్దలంతా టోపీలు తీసి ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు.

"ఏం తెచ్చావే ముసలీ!" అని అధ్యక్షులు అరిచారు.

"నా దగ్గరున్న వాటిలో మంచి ముక్క ఇదే, నాయనా," అంది అవ్వ.

ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, మేమూ అందుకున్నాం. ఎంతైనా మంట దీవించింది కదా. ఇళ్లకు వెళ్లి ఎవరి మాళిగ తలుపు వాళ్లు ఓరగా తెరిచాం, వాసన చూశాం, మెల్లగా మూసేశాం. పక్కింటివాళ్లకు చెప్పలేదు.

ఇదంతా చదివి మీరు నవ్వుకుంటున్నారంటే, మీ ఇంట్లో ఇంకా వాసన మొదలవలేదన్నమాట. చాలా సంతోషం.