ధ్రువంలో ఎనభై ఎండు బోర్లు

నాగరిక రాజ్యంలో నేలకు పడే ప్రతి బొక్కకూ ఒక దరఖాస్తు ఉండి తీరాలి. దక్షిణ ధ్రువానికి మినహాయింపు ఇస్తే రేపు ఖాజీపేట కూడా అడుగుతుంది.

జమ్మలమడుగులో ఫిజిక్స్ పాఠాలు చెప్పే ప్రభుత్వోద్యోగి అఫ్సానాకు ఈ సంగతి ఆలస్యంగా తెలిసింది. ధ్రువం దగ్గర రెండు కిలోమీటర్ల లోతు మంచులో తొలిచిన బొక్కల్లో వేల గాజుగోళాలు వేలాడుతుంటాయి. న్యూట్రినో అనే సూక్ష్మ కణం మంచును తాకితే పుట్టే పిసరంత వెలుగును అవి పట్టుకోవాలి. అక్కడివాళ్లు మంచులో దీపం మెరిపిస్తే, ఏ గోళం ఎప్పుడు, ఎంత వెలుగు చూశానందో లెక్కగట్టి, అబద్ధమాడినదాన్ని సరిచేయడం అఫ్సానా పని. ఎనిమిది నెలలుగా ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని అదే చేస్తోంది. శుక్రవారంలోగా సర్కారు అనుమతితో అక్కడి శాస్త్రవేత్తలకు ఫలితాలు పంపకపోతే ఆ కష్టమంతా గంగలో కలిసినట్టే.

ప్రొద్దుటూరులోని బాహ్య పరిశోధనల అనుమతి విభాగంలో గుమాస్తా ఓబులేసు పోర్టల్ తెరిచాడు.

"మంచు అనే కాలమ్ ల్యాదు మేడమ్. లోతు బొక్కలంటే బోర్లే. ఎన్ని ఏసినారు?"

"ఎనభై."

"నీళ్లు పడినాయా?"

"పడల్యాదన్నా. అవి నీళ్ల కోసం..."

"ఎనభై ఏసినా పడల్యాదా!" ఓబులేసుకు కళ్లనీళ్లు తిరిగాయి. (పులివెందుల దగ్గర అతని పొలంలో తొమ్మిది బోర్లు ఎండాయి.) "శానా అన్యాయం మేడమ్ మీకు!"

జాలి వేరు, నిబంధన వేరు. ఎండిన బోర్లకు మూతలు బిగించి, పగటి వెలుగులో ఫోటో తీసి, సరిహద్దు రైతుల సంతకాలతో జతచేయాలి. అక్కడ ఆరు నెలలు సూర్యుడు రాడని అఫ్సానా రాస్తే, కరెంటు ఆఫీసుకు ఫిర్యాదు చేసుకోమంది పోర్టల్. సరిహద్దు రైతులే లేరని రాస్తే, ఆక్రమణ అనుమానంతో ఫైలు ఎర్రబడింది. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

"బాధపడగాకండి. ఫీల్డు ఎంక్వైరీ ఏస్తాండా. రేపే పోతాడు మావోడు."

"యాడికి?"

"ఆడికే."

శుక్రవారం మధ్యాహ్నం తనిఖీ అధికారి నివేదిక వచ్చింది. 'స్థలమును స్వయముగా సందర్శించితిని. ఎనభై బోర్లూ ఎండినవి. మూతలు కలవు. మంచు ఎచ్చటా కానరాలేదు. చుట్టూ శనగ పైరు బాగున్నది.'

అనుమతి మంజూరైంది. దరఖాస్తుదారు సంతకం ఒక్కటే మిగిలింది.

"ఇదంతా అబద్ధం కదన్నా!"

"అబద్ధమే మేడమ్. నిజమేస్తే పోర్టల్ తీసుకోదు."

సెకనులో వందకోట్లవ వంతు తేడాను కూడా క్షమించని అఫ్సానా, 'పై వివరములన్నియు స్వయముగా సరిచూసితిని' అన్న వాక్యం కింద సంతకం చేసింది.