ఉడత సర్వర్, ముళ్ళపంది మొగుడి తిట్లు

ఒక పెద్ద అడవిలో, అంటే పెద్దదని అక్కడివాళ్ళే చెప్పుకునే ఒక అడవిలో, వామనరావు అని ఓ ఉడత ఉండేవాడు. పేరుకు తగ్గట్టే జానెడు ఉంటాడు. మూడడుగుల చోటు చాలని మొదలుపెట్టి మొత్తం ఆక్రమించే గుణం కూడా ఆ పేరుతోపాటే వచ్చింది.

మొదట తొర్రలోకి ఒక డిస్కు తెచ్చాడు. పెళ్ళి వీడియో, పిల్లల కిచకిచలు, ఓ నలభై సినిమాలు అన్నీ అందులో వేస్తే ఇంటిల్లిపాదీ సాయంత్రాలు హాయిగా కూర్చుని చూసుకోవచ్చన్నాడు. దాన్ని సర్వర్ అంటారట. భార్య కనకవల్లికి సినిమాలంటే ప్రాణం. పాపం, సరేనంది.

నెల తిరక్కుండా డిస్కు చాల్లేదు, రెండోది వచ్చింది. రెండూ కలిసి వేడెక్కుతున్నాయని ఫ్యాను వచ్చింది. ఫ్యాను పట్టడంలేదని పెద్ద డబ్బా వచ్చింది. డబ్బా పట్టడంలేదని వేరుశెనక్కాయలు బయటికి పోయాయి.

"ఏమండీ, వానాకాలానికి దాచిన కాయలండీ అవి," అంది కనకవల్లి.

"ఇదొక్కటేనే. దీంతో అయిపోయింది. ఇంక ఏమీ కొనను," అన్నాడు వామనరావు.

ఆయన ఆ మాట అన్న వారానికల్లా గుమ్మం ముందు ఇంకో అట్టపెట్టె దిగేది. సాయంత్రం పిల్లలు తెర ముందు కూర్చుంటే, "ఆగండర్రా, అప్‌గ్రేడ్ అవుతోంది," అనేవాడు. ఆర్నెల్లలో ఆ ఇంట్లో వాళ్ళు చూసిన సినిమా ఒక్కటే, అదీ పేర్లు పడేవరకు.

ఒకరోజు కనకవల్లికి ఒళ్ళు మండింది. "మీ తాతగారు గింజల్ని వంద చోట్ల పాతిపెట్టేవారు. సగం మర్చిపోయేవారు కూడా. ఆ మర్చిపోయినవే మొలిచి ఈ అడవయ్యిందని మీ అమ్మగారే చెప్పారు. మీరేంటండీ, ఉన్నదంతా ఒక్క తొర్రలో కుక్కి, పిల్లల్నీ నన్నూ చూరుకి వేలాడమంటున్నారు? అసలు ఇదంతా ఎవరికోసం?"

మొగుణ్ణి "ఎవరికోసం" అని అడక్కూడదు. అడిగితే వాడు సంఘసేవకుడైపోతాడు. వామనరావు తోక దులిపి, "నాకోసమనుకున్నావా? అడవికోసం!" అనేసి, నోటినుంచి జారిన ఆ మాటే తనకి భలే నచ్చి, తిన్నగా పంచాయతీకి బయల్దేరాడు.

పంచాయతీ ప్రెసిడెంటు ఎలుగుబంటి భద్రయ్య. సభ మొదలవగానే నిద్రపోతాడు. మెలకువ వస్తే మాత్రం ఏదో ఒక తీర్మానం చేసేస్తాడు. అందుకని ఆయన కునుకు తీస్తున్నంతసేపూ అందరూ గుసగుసగా మాట్లాడతారు. వామనరావుకి ఆ మర్యాద తెలీదు. గొంతు చించుకుని అరిచాడు.

"మన పాటలు, మన ఫొటోలు, మన పెద్దల గొంతులు ఒక్కొక్కరి ఫోనులో ఒక్కో మూల పడున్నాయి. ఫోను నీళ్ళలో పడితే గోవిందా! అన్నీ నా తొర్రలో పెట్టండి. నా దగ్గర రెండు డిస్కులున్నాయి. ఒకదాంట్లో ఏది చేస్తే రెండోదాంట్లోనూ అదే జరుగుతుంది. అద్దంలాగన్నమాట. ఒకటి చచ్చినా రెండోది బతికుంటుంది!"

భద్రయ్య లేచాడు. "బాగుంది. తీర్మానం. అందరి సరుకూ తొర్రలో పెట్టాలి. అయితే ఒకే సరుకు రెండు చోట్ల ఉంటే ఏది అసలో ఏది నకలో తెలిసి చావదు. కాబట్టి తొర్రలోకి ఎక్కించాక ఎవరి ఫోనులోది వాళ్ళు చెరిపెయ్యాలి. ఒకే అడవి, ఒకే తొర్ర!"

నినాదం పొట్టిగా ఉండేసరికి అందరూ చప్పట్లు కొట్టారు.

కొమ్మమీంచి కోతి పోతురాజు చెయ్యెత్తాడు. వీడికి దొరికిందల్లా కాపీ తీసుకోవడం అలవాటు. పక్కింటి పెళ్ళి వీడియోలు కూడా వదలడు. "అయ్యా, నేనో కాపీ తీసి మా కొమ్మమీద పెట్టుకుంటానండి," అన్నాడు.

"దొంగవెధవా! నీ మొహం ఆ చెట్టు దగ్గర కనపడితే తోక కోయిస్తా," అన్నాడు భద్రయ్య. చెట్టు మొదట్లో బోర్డు కూడా పెట్టించాడు, కోతులకు ప్రవేశం లేదని.

అప్పుడు వెనకవరస నుంచి ముళ్ళపంది సూరమ్మ లేచింది. ఆవిడ పక్కన ఎప్పుడూ మూడు గజాల ఖాళీ ఉంటుంది, ఎవరూ కూర్చోరు. ధైర్యంగా పక్కన కూర్చున్నవాడు ఒక్కడే, మొగుడు అప్పలస్వామి. పోయిన ఏడాది పోయాడు.

"ఏటి బాబూ, రెండు డిస్కులూ ఒకే తొర్రలో ఎందుకు? మేమైతే దుంపలు రెండు కన్నాల్లో ఎడతాం. ఒక కన్నంలోకి నీళ్ళొచ్చినా ఇంకోదాంట్లో ఉంటాయి గదా," అంది.

సభంతా ఘొల్లున నవ్వింది. "దుంపలు వేరు, టెక్నాలజీ వేరు సూరమ్మా," అన్నాడు వామనరావు జాలిగా.

ఆవిడ చేతిలో మొగుడి పాత ఫోను ఉంది. అందులో ఉన్నదల్లా మూడు నిమిషాల గొంతు. కొత్తగా ఫోను కొన్నరోజున ఏదో నొక్కితే ఏదో అయ్యి, పెళ్ళాన్ని తిడుతుండగా దానంతటదే రికార్డయ్యింది. అందులో ప్రేమ మాట ఒక్కటి లేదు. ఎర్రదుంప ఎక్కడ పెట్టావే అని మూడు నిమిషాలూ తిట్లే. ఆవిడ రోజూ పొద్దున్నే అది విని, ముఖం కడుక్కుని, పనిలో పడేది.

"సంవత్సరీకానికి మనవలొస్తారు బాబూ. ఆళ్ళకి తాత గొంతు తెలీదు. వచ్చే శుక్కురారం ఇనిపించాల. పోదు గదా?"

"నా తోక మీద ఒట్టు," అన్నాడు వామనరావు.

ఆవిడ ఫోనిచ్చింది. అతను తొర్రలోకి ఎక్కించాడు. పంచాయతీవాళ్ళు ఎదురుగా నిలబడి ఫోనులోది చెరిపించారు. సూరమ్మ ఖాళీ ఫోనుని కొంగున ముడేసుకుని ఇంటికెళ్ళింది.

అడవంతా తెచ్చి పోసింది. జింకల పేరంటాలు, గుడ్లగూబ ఉపన్యాసాలు, తాబేలు తీసిన పదకొండు గంటల నడక వీడియో, అన్నీ లోపలికెళ్ళాయి. నాలుగురోజుల్లో డిస్కులు నిండిపోయాయి. వామనరావుకి నిజంగా పండగొచ్చింది. ఇప్పుడిక పెద్ద డిస్కులు కావాలని పంచాయతీయే అంటోంది, పెళ్ళాం నోరెత్తడానికి లేదు!

గురువారం పొద్దున్నే అప్‌గ్రేడ్ ప్రారంభోత్సవం. చెట్టుకి మామిడాకులు కట్టారు. భద్రయ్య కొబ్బరికాయ కొట్టి, ముక్క తినేసి, కుర్చీలో కూర్చున్నాడు. అందరికీ కనపడేలా తెర బయట పెట్టారు.

వామనరావు మైకు పట్టుకున్నాడు. "ముందుగా మొదటి డిస్కుని శుభ్రంగా చెరిపేసి, ఆ జాగాలో కొత్తది పెడుతున్నాను. భయపడకండి, సరుకంతా రెండోదాంట్లో భద్రంగా ఉంది." బొత్తం నొక్కాడు.

లోపల రెండు డిస్కులూ గుర్రుగుర్రుమన్నాయి. తెరమీద అక్షరాలు పడ్డాయి. మొదటి డిస్కులో ఖాళీ నూటికి నూరు. రెండో డిస్కులో ఖాళీ నూటికి నూరు.

"నూటికి నూరా! అదీ రెండింట్లోనూ!" అంటూ భద్రయ్య కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. "మా అబ్బాయికి ఏనాడూ ముప్ఫై అయిదు దాటలేదు. శభాష్ వామనరావ్!"

అడవంతా ఈలలు వేసింది. వామనరావు మెడలో దండ పడింది. దండ వేయించుకుంటూనే అతను తెరమీది ఆ రెండు నూరులనీ మళ్ళీ మళ్ళీ చదువుకున్నాడు. పక్కనున్న కనకవల్లి మొగుడి మొహం చూసి, చెవిదగ్గర మెల్లగా అడిగింది.

"అద్దమన్నారు కదండీ. అద్దం ముందు నిలబడి బొట్టు చెరుపుకుంటే, అద్దంలో బొట్టుంటుందా?"

 ఫొటో తీస్తున్నారు కదా, వామనరావు నవ్వుతూ నిలబడ్డాడు.

నిజం మధ్యాహ్నానికి బయటపడింది. జింకలు పాట పెట్టమంటే రాలేదు. భద్రయ్య వెంటనే విచారణ సంఘం వేశాడు. అధ్యక్షుడు భద్రయ్య, సభ్యుడు భద్రయ్య, సాక్షి వామనరావు. సాయంత్రానికి నివేదిక వచ్చింది. "ఏమేమి పోయాయో చెప్పుటకు వీలులేదు. ఏమేమి ఉన్నాయో రాసిన జాబితా కూడా తొర్రలోనే యుండెను. జాబితా లేనందున నష్టము రుజువు కాలేదు. రుజువు కానందున నష్టము లేదు." నష్టం లేదని తేలినందుకు అప్పుడు కూడా కొందరు చప్పట్లు కొట్టారు, ఏం జనమో మరి!

శుక్రవారం తెల్లారగానే, ఈ సంగతేమీ తెలీని సూరమ్మ తలంటుకుని, ముళ్ళు దువ్వుకుని, ఇద్దరు మనవల్ని వెంటేసుకుని చెట్టుకిందకి వచ్చింది.

"వామనరావు బాబూ! మా మావ గొంతు ఎట్టు. పిల్లలొచ్చారు."

 పైనుంచి సన్నగా, "సర్వర్ డౌన్ సూరమ్మా," అని వినపడింది.

"డౌనయితే పైకెత్తు. నానుంటాను."

ఆవిడ అక్కడే చతికిలబడింది. గంట గడిచింది. పిల్లలు మట్టిలో ఆడుకుంటున్నారు. వామనరావు తొర్ర అంచున నిలబడి కిందకి చూశాడు. భద్రయ్యకి అబద్ధం చెప్పొచ్చు, నివేదికకి అబద్ధం చెప్పొచ్చు. తలంటుకుని వచ్చినావిడకి చెప్పడానికి అతనికి నోరు రాలేదు. దిగివచ్చి, మూడు గజాల దూరంలో ఆగకుండా, ఏకంగా ఆవిడ ఎదురుగా నిలబడ్డాడు.

"పోయింది సూరమ్మా. నేనే చెరిపేశాను. రెండోది ఉందిగదా అనుకున్నాను. నా చేతులతోనే చెరిపేశాను."

సూరమ్మ అరవలేదు. ముళ్ళు కూడా లేవలేదు, అన్నీ కిందకి వాలిపోయాయి.

"బతికున్నన్నాళ్ళూ తిడతాడని ఏడ్సినాను బాబూ," అంది. "నాతో మాటాడినోడు ఆడొక్కడే. ఆ గొంతు పోతే నానిప్పుడు ఎవుల్తో దెబ్బలాడాల?"

వామనరావు అక్కడే కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. పైనుంచి ఇదంతా వింటున్న కనకవల్లి చరచరా దిగివచ్చి, మొగుడి చెవి పట్టుకుని లేపింది.

"ఏడుపులు తరవాత. పోతురాజు దగ్గరికి పదండి."

"వాడు దొంగే!"

"అందుకే పదమంటున్నా. మధ్యాహ్నం మీరు ఫ్యాను హోరులో గుర్రుపెట్టి నిద్రపోయినప్పుడల్లా వెనక కన్నంలోంచి ఓ తోక లోపలికొచ్చేది. ఒకరోజు వైరు తగిలించుకుంటుంటే పట్టుకున్నాను. ఒక్క సినిమా పూర్తిగా చూపిస్తే ఎవరికీ చెప్పనన్నాను. చూపించాడు మహానుభావుడు, పేర్ల నుంచి శుభం దాకా!"

ముగ్గురూ కాదు, పిల్లలతో కలిసి అయిదుగురు కోతుల కొమ్మల కిందకి వెళ్ళారు. ఇంకా దగ్గరికి చేరకముందే పైన ఎక్కడో ఓ చిన్న స్పీకరు బొంగురుగా అరిచింది.

"ఓసి సూరమ్మా! ఎర్రదుంప ఎక్కడెట్టినావే! ఇల్లంతా ఎతికి సత్తన్నాను! నీ బుర్రలో గుంజుందేటే..."

కొమ్మలమీద కోతులన్నీ పడీపడీ నవ్వుతున్నాయి. పోతురాజు కిందకి దూకి, సూరమ్మని చూసి నాలిక్కరుచుకున్నాడు.

"తప్పయిపోయింది తల్లీ. నీ మొగుడి తిట్లు మా కోతుల్లో పెద్ద హిట్టు. ఈపాటికి ప్రతి కొమ్మమీదా ఉంది. మా పిల్లలు దీన్ని వినకపోతే అన్నం తినరు. ఏమీ అనుకోకు, నీది ఒక్కటే కాదు, తొర్రలోవన్నీ మా దగ్గరున్నాయి. తాబేలు నడక ఒక్కటి వదిలేశాను, అంత ఓపిక లేదు."

సూరమ్మ వినడంలేదు. తలెత్తి స్పీకరు వైపే చూస్తోంది. "ఎక్కడెట్టినావే!" అని అప్పలస్వామి రెండోసారి అరవగానే ఆవిడ ముళ్ళన్నీ ఝల్లుమని లేచాయి.

"పొయ్యి ఎనకాలున్నది, కళ్ళు కనపడవేటి!" అని అడవి దద్దరిల్లేలా అరిచింది. మనవలిద్దరూ బెదిరిపోయి, వెంటనే కిచకిచా నవ్వారు. ఆవిడ నవ్వుతూ ఏడ్చింది. ఏడాదిగా నోట్లో ఉండిపోయిన జవాబది.

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. కానీ పంచాయతీ ఉందిగా!

మర్నాడు భద్రయ్య తీర్మానం చేశాడు. అడవి సరుకుని ఒక్క తొర్రలో కాపాడినందుకు వామనరావుకి సన్మానం. అదే సరుకుని పది కొమ్మలమీద దాచినందుకు పోతురాజుకి ఆర్నెల్లు బహిష్కారం. కోతుల దగ్గరున్న కాపీలన్నీ జప్తు చేసి, తిరిగి తొర్రలో పెట్టి, బయటివి చెరిపెయ్యాలి. ఒకే అడవి, ఒకే తొర్ర!

ఈసారి వామనరావు లేచి దండ తీసి బల్లమీద పెట్టాడు. "తొర్రలో చోటు లేదండి. వేరుశెనక్కాయలు పెట్టుకున్నాం," అన్నాడు. వెనకవరసలో కనకవల్లి మొగుణ్ణి మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"అయితే ముందు సూరమ్మ దగ్గరున్న కాపీ తెండి," అన్నాడు భద్రయ్య జవాన్లతో.

సూరమ్మ పోతురాజు తనకిచ్చిన చిన్న స్పీకర్ని నడుందగ్గర ముళ్ళ మధ్యకి తోసి, సభకి వీపు తిప్పి నిలబడింది. "ఇదుగో, ఇక్కడుంది. ఎవులికి కావాలో ఆళ్ళొచ్చి తీసుకోండి," అంది.

మూడు గజాల ఖాళీ ఆరు గజాలయ్యింది. భద్రయ్య ఆ ముళ్ళవైపు చూసి, ఇప్పటికి నిద్రే మంచి ఉపాయమని కళ్ళు మూసుకున్నాడు.

నీతి: ఏ వస్తువైనా పదికాలాలు నిలవాలంటే దాచేవాడి చేతికివ్వకు, దొంగ కంట పడనీ.