మా మరిది ఆల్‌టైమ్ టాప్ టెన్

ప్రతి ఇంట్లోనూ ఒక సినిమా అభిమాని ఉండి తీరాలి. లేని ఇళ్ళకి ప్రభుత్వమే ఒకణ్ణి సరఫరా చెయ్యాలి. కుళాయి కనెక్షను ఇస్తున్నారు, కరెంటు కనెక్షను ఇస్తున్నారు, ఇదొక్కటీ ఎందుకివ్వకూడదు?

మామూలు అభిమాని కాదు సుమా! రిలీజు రోజున చొక్కా చింపుకునే రకం నాకూ అక్కర్లేదు. నేను చెప్పేది ఆల్‌టైమ్ ఫేవరెట్లున్న అభిమాని గురించి. అతను కొత్త సినిమాల జోలికి పోడు. చూసినవే చూస్తాడు. తను చూడడంతో సరిపెట్టుకోకుండా మనకి కూడా చూపిస్తాడు. లోకానికి చేసే మేలంతా ఆ చూపించడంలోనే ఉంది.

అలాంటి ఆణిముత్యం మా కుటుంబంలో ఒకటుంది. మా చెల్లెలి భర్త. లిఫ్టులు బాగుచేసే మెకానిక్. అంతస్తుల మధ్య ఇరుక్కుపోయిన మనుషుల్ని బయటికి లాగడం ఆయన వృత్తి. ఇంటికొచ్చిన మనుషుల్ని సోఫాలో ఇరికించడం ప్రవృత్తి.

ఆయన టాప్ టెన్‌లో పద్నాలుగు సినిమాలున్నాయి. "పదిలో పద్నాలుగు ఎలా పట్టాయయ్యా?" అని ఒకసారి అడిగాను. "ఎనిమిది మంది ఎక్కాల్సిన లిఫ్టులో పన్నెండు మంది ఎక్కట్లేదా వదినా?" అన్నాడు. వృత్తి నిపుణుడి మాటకి ఎదురు చెప్పడానికి నేనెవర్ని?

పూర్వం ఈ జబ్బుకి, క్షమించాలి, ఈ కళకి తగిన వసతులుండేవి కావు. ఫేవరెట్ సినిమా ఏ పాత థియేటర్‌కో మళ్ళీ వచ్చేదాకా కాచుకుని కూర్చోవాలి. వచ్చినా, లోపలున్న ఆపరేటర్ మా మరిది మాట వినడు. సినిమా తన మానాన తను నడిచి, అయిపోయి, మనల్ని ఇంటికి పంపేసేది. ఇప్పుడో! గోడంత టీవీ, చందా కట్టిన ఓటీటీలు, చేతిలో పాజ్ బటన్! సైన్సు ఇన్నాళ్ళూ కిందా మీదా పడి ఇంత పెరిగింది మా మరిది కోసమేనేమో అని నాకు అప్పుడప్పుడు అనుమానం వస్తుంది.

లాభాలు చెప్తాను, ఓపిగ్గా వినండి.

గుండెకి చాలా మంచిది. ఎందుకంటే సస్పెన్స్ అనేదే ఉండదు. "ఇదిగో, ఈ గళ్ళ చొక్కావాడు మంచోడనుకుంటున్నావు కదా? వీడే చంపేది" అని పేర్లు పడుతుండగానే చెప్పేస్తాడు. బీపీ ఉన్నవాళ్ళు కూడా కాలు మీద కాలేసుకుని నిశ్చింతగా హత్యలు చూడొచ్చు!

కళ్ళకి శ్రమ తగ్గుతుంది. ఎక్కడ చూడాలో మనం వెతుక్కోనక్కర్లేదు. "ఇప్పుడు చూడు... ఇప్పుడు చూడు... హీరోని కాదు, వాడి వెనకాల గోడ గడియారం చూడు!" అంటాడు. ఆ గడియారంలో ఎంతైందో మా బంధువులందరికీ కంఠతా వచ్చు. హీరో ఏం చేస్తున్నాడో మాత్రం ఇప్పటికీ ఎవరమూ చూడలేదు.

ఎక్కడ నవ్వాలో ముందుగా తనే నవ్వి చూపిస్తాడు. ఎక్కడ ఏడవాలో ముక్కు ఎగబీల్చి సిగ్నల్ ఇస్తాడు. ఆ తరవాత తెర వంక చూడడం మానేసి మన మొహం వంక చూస్తాడు, నవ్వామా లేదా అని. పసిపిల్లకి అన్నం పెట్టే తల్లి కూడా మింగిందా లేదా అని అంత శ్రద్ధగా చూడదు.

ఇక ఆదా సంగతి. ఆయన దగ్గర కోర్టు సినిమా అని ఒకటుంది. అందులో జడ్జిగారు కళ్ళజోడు తీస్తాడు. అంతే, తీస్తాడు. అక్కడ పాజ్! ఎందుకు తీశాడు? ఎడం చేత్తోనే ఎందుకు తీశాడు? ఆ సమయానికి కెమెరాని నేల మీద ఎందుకు పెట్టారు? ఇవన్నీ తేలేసరికి మన చేతిలో టీ చల్లారిపోతుంది. ఒక పూట సినిమా రెండు పూటలు నడుస్తుంది. అదే చందాకి రెట్టింపు వినోదం! ఈ రోజుల్లో ఇంకెవరిస్తారండీ?

మధ్యలో లేవడం నిషేధం. లేవడానికి అనుమతి ఉన్న పాటలు వేరే ఉన్నాయి, అవి ఆయనే చెప్తాడు. ఒకసారి వాటర్ ఫిల్టర్ మార్చడానికొచ్చిన మనిషిని కూడా "రెండు నిమిషాలు కూర్చోండి" అని కూర్చోబెట్టాడు. పాపం, క్లైమాక్స్ దాకా ఉండి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఫిల్టర్ మార్చలేదు.

ఈ సేవ ఇంటికే పరిమితం అనుకునేరు. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళకి కూడా తలుపు సందులోంచి అందుతుంది. "కంగారు పడకండి, ఒక సినిమాలో హీరో ఇంతకంటే ఘోరంగా ఇరుక్కుంటాడు" అని ఒక చేత్తో మరలు విప్పుతూ మొదలెడతాడు. బయటపడ్డవాళ్ళు ఆ తరవాత మెట్లే వాడుతున్నారట. చూశారా, ఎంత వ్యాయామం! ఎంత ఆరోగ్యం!

ఇన్ని లాభాల్నీ రోజూ అనుభవించే అదృష్టవంతురాలు మా చెల్లెలు. తను హాస్పిటల్లో ఎక్స్‌రేలు తీస్తుంది. "కదలకండి. మాట్లాడకండి. ఊపిరి బిగబట్టండి" అందంటే ఆ గదిలో తిరుగు లేదు. పహిల్వానైనా పోలీసాఫీసరైనా చొక్కా విప్పి, గడ్డం ఎత్తి బొమ్మలా నిలబడాల్సిందే. సాయంత్రం ఇంటికొచ్చాక సోఫాలో తనే బొమ్మలా కూర్చుంటుంది. జడ్జిగారు కళ్ళజోడు తీసినప్పుడల్లా "అబ్బ!" అంటుంది. అందులో అచ్చమైన ఆశ్చర్యం మా మరిదికి వినిపిస్తుంది. నేను దానికి అక్కని కాబట్టి నాకు ఇంకోటి వినిపిస్తుంది.

ఇంత చక్కగా సాగిపోతున్న కాపురంలో మొన్నామధ్య దాని ఆడపడుచు వచ్చి పుల్ల పెట్టింది.

పెట్టాలని పెట్టలేదు పాపం. కోర్టు సినిమా అయిపోయింది, నేనూ అక్కడే ఉన్నాను, అందరం టీ తాగుతున్నాం. ఆ అమ్మాయి ఊరికే అడిగింది. "అన్నయ్యవి సరే వదినా, మరి నీ ఆల్‌టైమ్ ఫేవరెట్ ఏంటి?"

అంత చిన్న ప్రశ్న ఆ ఇంట్లో అంతకుముందు ఎవరికీ తోచలేదు!

"మీ వదినకా? కోర్టు సినిమాయే. ఎప్పుడు పెట్టినా ఎంత లీనమైపోయి చూస్తుందో!" అని మా మరిది జవాబిచ్చేశాడు.

"కాదు" అంది మా చెల్లెలు. కప్పు కింద పెట్టింది. "ఇల్లు ఖాళీ చేసే సినిమా."

మీకు ఆ సినిమా తెలిసుండదు. అది తీసిన నిర్మాతయినా చివరిదాకా చూశాడో లేదో అనుమానమే. ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఒక అద్దె ఇల్లు ఖాళీ చేస్తుంటారు. అదే కథ. సామాను సర్దుతుండగా ఒక మూత దొరుకుతుంది, దాని గిన్నె దొరకదు. ఆ మూతని పట్టుకుని ఇల్లంతా తిరిగి కనపడ్డ ప్రతి గిన్నె మీదా పెట్టి చూస్తారు. దేనికీ సరిపోదు. చివరికి చిన్నది విసిగిపోయి దాన్ని తన నెత్తి మీద పెట్టుకుంటుంది. సరిగ్గా సరిపోతుంది!

అది చూసి నేనూ మా చెల్లెలూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. అప్పటికి దానికి ఉద్యోగమూ లేదు, పెళ్ళీ కాలేదు. ఆ పొద్దున్నే నాకు కుదిరిందనుకున్న సంబంధం తప్పిపోయింది. నన్ను గదిలో కూర్చుని ఏడవనివ్వకుండా అదే నా చెయ్యి పట్టి మ్యాట్నీకి లాక్కెళ్ళింది. హాల్లో మేము తప్ప పురుగు లేదు. చెప్పులు విడిచి, ముందు సీట్ల మీదికి కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాం. ఎక్కడ నవ్వాలో మాకెవరూ చెప్పలేదు.

చెల్లెలి జవాబు వినగానే మా మరిది మొహం పాలిపోయింది. "అదెక్కడి సినిమా? నేను చూడని సినిమానా? ఇన్నేళ్ళూ నా దగ్గర దాచావా?"

"మీరు అడగలేదుగా" అంది అది.

ఆ రాత్రి ఆయనకి అన్నం సయించలేదట. ఓటీటీలన్నీ గాలించి, ఎవరూ తొంగిచూడని ఒక మూల ఆ సినిమాని పట్టేశాడు. ఆదివారం మధ్యాహ్నం నన్ను కూడా పిలిచారు. ఆ ఇంట్లో రిమోట్ చేతులు మారడం నా కళ్ళతో చూశాను. మా చెల్లెలు దాన్ని అందుకుని, మొగుడి వైపు తిరిగి, "కదలకండి. మాట్లాడకండి" అంది. అచ్చం ఎక్స్‌రే గది గొంతు! మా మరిది నిజంగానే ఊపిరి బిగబట్టాడు.

పాపం, ఆయన అవస్థ చూసి తీరాలి! ఎక్కడ చూడాలో తెలీదు. తెరకి ఎడం పక్క చూశాడు, కుడి పక్క చూశాడు, వెనకాల ఎక్కడైనా గోడ గడియారం ఉందేమోనని వెతికాడు. "ఇప్పుడేమైనా జరుగుతుందా?" అని గుసగుసగా అడిగాడు.

"జరుగుతోందిగా!" అంది.

కాసేపటికి అడగడం మానేశాడు. మూత నెత్తికెక్కేసరికి మా ఇద్దరికంటే ముందు ఆయనే పకపకా నవ్వాడు, ఎవరి మొహమూ చూడకుండా, తనకి తానుగా. చివర్లో అక్క ఖాళీ గదికి తాళం వేస్తుంటే చొక్కా చేతికి కళ్ళు తుడుచుకున్నాడు. మా చెల్లెలు వంటింట్లోకొచ్చి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అక్కా, ఆయనా నేనూ కలిసి సినిమా చూడ్డం ఇదే మొదటిసారి" అంది. దాని మొహంలో అంత వెలుగు నేను చూసి చాలా ఏళ్ళయింది. నా కళ్ళు కూడా చెమర్చాయి. ఇందులో వ్యంగ్యం లేదు, నమ్మండి.

అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! కానీ అభిమాని అభిమానే కదా? నచ్చిన సినిమాని ఊరికే వదిలేస్తాడా?

వారం తిరక్కుండా అది టాప్ టెన్‌లో పదిహేనోదిగా చేరింది. పై వారానికి నంబర్ వన్! దేన్ని పైకి తీసుకెళ్ళాలో, దేన్ని కిందికి దించాలో ఆయనకి వేరే నేర్పాలా? తోటి మెకానిక్‌నీ, వాళ్ళావిడనీ, పై ఫ్లోర్‌లో ఉండే రిటైర్డ్ హెడ్మాస్టర్‌నీ పిలిచాడు. సోఫాలో ఎప్పటిలాగే ఇరికించాడు. నాకు కుర్చీ దొరికింది. మా చెల్లెలు తలుపు దగ్గర నిలబడింది.

"దీన్ని నేను కనిపెట్టాను" అని మొదలెట్టాడు. "ఎవరికీ పట్టని సినిమా. ఓ మూల పడుంటే తవ్వి తీశాను. జాగ్రత్తగా చూడాలి, చాలామందికి అర్థం కాదు."

మూత దొరికింది. పాజ్! మూత అంటే ఏమిటి? మూత అంటే జీవితం అన్నాడు. మరి గిన్నె? అరగంట చర్చించాక గిన్నె అంటే కూడా జీవితమేనని తేలింది. హెడ్మాస్టర్‌గారు తల పంకించారు. మా మరిది తలుపు వైపు తిరిగి, "నువ్వు ముందెప్పుడో చూశానన్నావు, ఇది గమనించావా?" అని భార్యని అడిగాడు.

"లేదు" అంది.

"అదే మరి! ఇప్పుడు చూడు... మూతని కాదు, అక్క చేతిని చూడు... ఇప్పుడు నవ్వొస్తుంది!" అని ముందుగా తను నవ్వాడు. చిన్నది మూతని నెత్తిన పెట్టుకుంది. వచ్చినవాళ్ళందరూ నవ్వారు. ఆయన మా చెల్లెలి మొహంలోకి చూశాడు. అది "అబ్బ!" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఎవరి మీద మండాలి? ఆయన చెడ్డవాడా? కాదు. ఆ సినిమా ఆయనకి నిజంగా ప్రాణమైపోయింది. మన వస్తువుని ఎవరైనా కొట్టేస్తే పోలీసుల దగ్గరికి పోవచ్చు. మనకంటే ఎక్కువగా ప్రేమించేస్తే ఎవరితో చెప్పుకుంటాం?

మొన్న ఆ ఆడపడుచే ఫోన్ చేసింది. నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. ఫోను స్పీకర్‌లో పెట్టి ఉంది. "వదినా, నీ సినిమా అన్నయ్య మా అందరికీ చూపించాడు. భలే ఉంది! ఇలాంటివి ఇంకా ఏమైనా ఉంటే చెప్పవా?"

సోఫాలో మా మరిది టీవీ ఆపి చెవులు రిక్కించాడు. మా చెల్లెలు నా వంక చూసింది, ఆయన వంక చూసింది. "ఇంకేం లేవమ్మా, అదొక్కటే" అంది.

నిజమేనండీ. ఇంకేమీ లేవు. దాని పక్క సీట్లో కూర్చుని సినిమాలన్నీ చూసిన మనిషిని, ఒట్టేసి చెప్తున్నాను, ఒక్కటంటే ఒక్కటి కూడా లేదు. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఈ పత్రిక వాళ్ళింటికి కూడా వస్తుంది. అందరికంటే ముందు తెరిచేది మా మరిదే.